గొట్టం పూర్తిగా లోపలికి పెట్టన్నా!

మా ఇంట్లో ఒక మారుతి 800 ఉంది. 2006 మోడల్, ఏపీ 02 నంబరు. కొన్నప్పుడు తెల్ల కారు, ఇప్పుడు మా ఊరి దుమ్ము రంగు. మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేయిస్తాడు. రేషం, జరీ డిక్కీలో వేసుకొని మగ్గాల ఇండ్లకి పోవడం, నేసిన చీరలు తెచ్చుకోవడం, బత్తలపల్లి, ముదిగుబ్బ వైపు వసూళ్ళు, అప్పుడప్పుడు హిందూపురం. ఆ కారు చేసే పని ఇంతే. నెలకి సుమారు అయిదువందల కిలోమీటర్లు తిరుగుతుంది.

పోయిన డిసెంబరు సెలవల్లో నేను ఇంట్లో ఉన్నప్పుడు దాని పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. "రేయ్, ఖాళీగానే ఉండావు కదా, పోయి సర్టిఫికెట్ రాయించుకొని రాపో" అన్నాడు నాయన. ఆ మాటని కొంచెం గమనించండి. "చెక్ చేయించుకొని రా" అనలేదు, "రాయించుకొని రా" అన్నాడు. మా నాయనొక్కడే కాదు, మనందరం అనేది అదే.

సెంటర్‌లో నా వయసు పిల్లోడే ఉన్నాడు. మా కారు నంబరు ప్లేటుకి ఫోటో తీసుకున్నాడు. తీసుకొని, గొట్టం పట్టుకొని మా కారు వైపు కాకుండా పక్కన నిలబడి ఉన్న కొత్త కారు వైపు నడిచాడు.

"అన్నా, మా బండి ఇది" అన్నాను.

"తెలుసన్నా. దీనికి పెడితే మిషన్ ఒప్పుకోదు. పాత బండి కదా. ఫోటో మీ బండిదే ఉంటాది, పొగ పక్క బండిది. రెండు నిమిషాల పని."

ఎంత మామూలుగా చెప్పాడంటే, నాకు కోపం కూడా రాలేదు. మా కారు డ్యాష్‌బోర్డులో అంతకుముందు రెండేళ్ళ సర్టిఫికెట్లు నాలుగున్నాయి. తీసి చూశాను. నాలుగూ పాస్. అందులో ఉన్న అంకెలు చూస్తే మా కారు ఆ ఉదయమే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినట్టుంది. ఈ నాలుగుసార్లూ మేం డబ్బులిచ్చి ఎవరి కారుని పరీక్ష చేయించామో అప్పుడు అర్థమయింది.

అంతకు రెండు వారాల ముందే మాకు ఐసీ ఇంజిన్స్ ల్యాబ్ పరీక్ష అయింది. గ్యాస్ ఎనలైజర్ మీద అంకెలు రాసుకొని, గ్రాఫ్ గీసి, మార్కులు తెచ్చుకున్నా. అదే మిషన్ ఇక్కడ కండ్లముందు ఉంది. "వద్దన్నా, మా బండికే పెట్టు. గొట్టం పూర్తిగా లోపలికి పెట్టు" అన్నాను.

"ఫెయిలయితాది."

"కానీలే."

ఫెయిలయింది. కార్బన్ మోనాక్సైడ్, అంటే సీఓ, 2.1 శాతం. హైడ్రోకార్బన్లు, అంటే హెచ్‌సీ, 240 పీపీఎం. ఫెయిలయినట్టు కాగితం ఇవ్వమంటే అతను నవ్వాడు. అట్లాంటి కాగితం అడిగినవాడు అంతకుముందు లేడంట. ఫోన్‌తో స్క్రీన్‌కి ఫోటో తీసుకున్నా. రెండేళ్ళలో మా కారు గురించి మాకు దొరికిన మొదటి నిజమైన కాగితం ఆ ఫోటోనే.

నేను చెప్పదలుచుకున్నది మొదటే చెప్పేస్తా. పొల్యూషన్ టెస్టులో నిజాయితీగా ఫెయిలవడం పాత బండికి జరిగే మేలు. కొనుక్కున్న పాస్ దానికి చేసేది కీడు. ఇది నీతిబోధ కోసం అంటున్న మాట కాదు, లెక్క వేసి అంటున్న మాట. లెక్క కింద ఉంది.

ముందు రూలు చూద్దాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115వ రూలు ఈ పరీక్ష గురించి చెబుతుంది. పెట్రోలు కారు ఐడిలింగ్‌లో, అంటే నిలబెట్టి ఊరికే నడుస్తున్నప్పుడు, వదిలే గ్యాసుల్లో సీఓ, హెచ్‌సీ ఎంత ఉండొచ్చో హద్దులు పెట్టింది. భారత్ స్టేజ్ 2కి ముందు కార్లకి సీఓ 3 శాతం, హెచ్‌సీ 1500 పీపీఎం. స్టేజ్ 2, 3 కార్లకి 0.5 శాతం, 750 పీపీఎం. స్టేజ్ 4 కార్లకి 0.3 శాతం, 200 పీపీఎం. అంటే పాత బండిని కొత్త బండి కొలతతో కొలవడం లేదు. ఏ కాలం బండికి ఆ కాలం హద్దే. "పాత బండి కదా, పాస్ కాదు" అనే మాట ఇక్కడే తప్పు. స్టేజ్ 2 దేశమంతా 2005లో వచ్చింది కాబట్టి మా 2006 కారుకి హద్దు 0.5. అది పుట్టినప్పుడు ఆ హద్దులోనే ఉంది. ఇప్పుడు నాలుగింతలు దాటిందంటే, వయసు కాకుండా ఇంకేదో జరిగిందన్నమాట.

ఇంటికి పోయి నాయనకి చెబితే మొదట ఆయన నమ్మలేదు. "పొగ యాడొస్తాందిరా? నేను రోజూ చూస్తాండా. చిన్న పొగ కూడా లేదు" అన్నాడు. నిజమే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఇరుకు సందులో మగ్గం ఇంటి కిటికీ ముందర కారు ఆపి, ఇంజిన్ ఆపకుండా పది నిమిషాలు చీరల లెక్క మాట్లాడితే, లోపల గుంతలో కూర్చొని నేసేవాళ్ళు దాన్ని పీలుస్తారు. కనపడదు కాబట్టే మిషన్ కావాల్సి వచ్చింది.

నాయనకి అర్థమయ్యేట్టు ఎట్ల చెప్పాలా అని ఆలోచిస్తే, ఆయన పనే గుర్తొచ్చింది. చీరలో తేడా వస్తే ఆయన చేతిలోకి తీసుకొని వెలుతురుకి పట్టి చూస్తాడు. నిలువు గీత పోతే పడుగులో వెతుకుతాడు. అడ్డ గీత పడితే పేకలో, దెబ్బలో వెతుకుతాడు. గీత ఏ దిక్కున ఉందో చూడకుండా మగ్గం మీద చెయ్యి పెట్టడు. సీఓ, హెచ్‌సీ కూడా అంతే. హెచ్‌సీ ఎక్కువయితే కొంత పెట్రోలు అసలు కాలకుండానే బయటికి పోతోందని: ప్లగ్గు సరిగ్గా మండించడం లేదు, వాల్వు మూసుకోవడం లేదు, లేదా గాలి మరీ ఎక్కువై మంట అందుకోవడం లేదు. సీఓ ఎక్కువయితే పెట్రోలు మండుతోంది కానీ చాలినంత గాలి లేక సగం మండుతోందని: గాలికి తగ్గ దానికంటే ఎక్కువ పెట్రోలు పడుతోంది. రెండూ ఎక్కువయితే రెండు తేడాలూ ఉన్నట్టు, లేదా సైలెన్సర్ ముందు ఉండే కేటలిటిక్ కన్వర్టర్ పని మానేసినట్టు. నాయన ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే మన బండికి గీత ఒక దిక్కే ఉండాది" అన్నాడు. మా లెక్చరర్ కూడా ఇంత చిన్నగా చెప్పలేదు.

ఇంత తెలిసీ నేను చేసిన మొదటి పని తప్పే. హెచ్‌సీ హద్దులోనే ఉందని కండ్లముందు ఉంటే, పోయి మూడు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించా. తొమ్మిదివందలు. తిరిగి సెంటర్‌కి పోతే సీఓ 2.0. మనలో చాలామందిమి చేసేదీ ఇదే. అంకె ఏం చెబుతోందో వినకుండా, అలవాటుగా మార్చేవి మార్చేస్తాం. దాన్ని రిపేరు అంటాం. అది అందాజు.

తరువాత ఆన్‌లైన్‌లో అయిదువందలు పెట్టి బ్లూటూత్ స్కానర్ తెప్పించా. అది మా కారుకి పనికిరాలేదు. మన దేశంలో కార్లకి ఓబీడీ తప్పనిసరి అయింది స్టేజ్ 4తో. మా కారు అంతకంటే పాతది, ఆ స్కానర్ భాష దీనికి రాదు. అంటే పాత పద్ధతిలో, చేతితో వెతకాల్సిందే. నిజం చెప్పాలంటే నేను ఇంజినీరింగ్ నేర్చుకున్నది ఆ వారంలోనే.

సైలెన్సర్ వైపు పోయే దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. మిశ్రమంలో పెట్రోలు ఎక్కువుంటే దాని వోల్టేజి 0.9 దగ్గరికి పోతుంది, గాలి ఎక్కువుంటే 0.1 దగ్గరికి దిగుతుంది. బాగున్న కారులో ఈసీఎం, అంటే పెట్రోలు కొలిచి వదిలే చిన్న కంప్యూటర్, ఆ వోల్టేజి చూసి సరిచేస్తూ ఉంటుంది కాబట్టి అది కిందికీ పైకీ ఊగుతూ ఉండాలి. మల్టీమీటర్ పెడితే మా కారులో 0.85 దగ్గర కదలకుండా నిలబడింది. "సెన్సర్ పోయింది, మార్చాల" అన్నాడు మెకానిక్. కొన్ని వేల రూపాయల పని. నాయన పర్సు తీశాడు కూడా. ఒక్కరోజు ఆగమన్నా. ఎందుకంటే ఆ సెన్సర్ చెబుతున్నదీ, పొల్యూషన్ మిషన్ చెబుతున్నదీ ఒకటే: పెట్రోలు ఎక్కువ పడుతోంది అని. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబుతుంటే, అందులో ఒకరిని అబద్ధీకుడని పంపించేయడం ఏం న్యాయం? సెన్సర్ నిజమే చెబుతోందేమో. ఈసీఎం వినడం లేదేమో.

ఈసీఎం సెన్సర్ మాట వినకుండా ఎక్కువ పెట్రోలు వదిలేది ఎప్పుడు? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి కొంచెం ఎక్కువ కావాలి. పాత కార్బురేటర్ కార్లలో అందుకే పొద్దున్నే చోక్ లాగేవాళ్ళు. ఇంజిన్ వేడెక్కాక చోక్ తోసేయాలి. ఈసీఎం ఈ పని తనంతట తానే చేస్తుంది, నీళ్ళ వేడి చెప్పే సెన్సర్‌ని అడిగి.

కారుని మూడు కిలోమీటర్లు తిప్పి, పది నిమిషాలు ఐడిలింగ్‌లో పెట్టి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఇంజిన్ తల దగ్గర నీళ్ళ పైపు వేడి చూశా. 55 డిగ్రీలు. 80 దాటి ఉండాలి. డ్యాష్‌బోర్డులో వేడి ముల్లు కూడా ఎప్పుడూ కిందనే ఉండేది. మేం దాన్ని "బండి చల్లగా ఉంది, మంచిదే" అనుకుంటూ వచ్చాం. రేడియేటర్ పై పైపుని చేత్తో తాకి చూస్తే, స్టార్ట్ చేసిన నిమిషం నుంచే మెల్లగా వెచ్చబడుతోంది. అట్ల జరగకూడదు. థర్మోస్టాట్ ఉంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వదు. పైపు చల్లగానే ఉండి, తరువాత ఒక్కసారిగా వేడెక్కాలి.

విప్పి చూశాం. థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

అప్పుడు నాయనకి గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట, మే నెలలో, హిందూపురం నుంచి వస్తా ఉంటే పెనుకొండ దగ్గర బండి వేడెక్కి నిలబడిపోయింది. రోడ్డు పక్కన ఒక మెకానిక్ ఏదో తీసేసి, "మన ఎండలకి దీంతో పనేముందన్నా" అని చెప్పి పంపించాడంట. ఆయన చెడ్డవాడు కాదు. ఎండలో నిలబడిపోయిన మనిషిని ఇంటికి చేర్చాడు. కానీ బండి వేడెక్కింది థర్మోస్టాట్ వల్ల కాదు. మేం ఏండ్లుగా కూలెంట్ కొనకుండా బోరు నీళ్ళు పోశాం. మన ప్రాంతం బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, బిందె అడుగున తెల్లగా కట్టేది రేడియేటర్‌లోనూ కట్టింది. బోరు నీళ్ళు రేడియేటర్‌ని పూడ్చాయి, రేడియేటర్ ఇంజిన్‌ని వేడెక్కించింది, ఆ భయంతో థర్మోస్టాట్ పోయింది, అది లేక ఇంజిన్ సరిగ్గా వేడెక్కడం మానేసింది, చిన్న చిన్న దూరాలు తిరిగే మా కారు రెండేళ్ళుగా చోక్ లాగిపెట్టినట్టే నడిచింది. కన్వర్టర్ కూడా 250, 300 డిగ్రీలు దాటితే కానీ పని మొదలుపెట్టదు. పెట్టినా, అంత పెట్రోలు పడుతుంటే సీఓని కాల్చడానికి దానికి ఆక్సిజన్ మిగలదు.

ఇదంతా నా ఊహ కాదని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేశాం. ఇంట్లో చీరల అట్టపెట్టె ఒకటి చింపి రేడియేటర్ ముందర అడ్డం పెట్టాం. గాలి ఆగింది. వేడి మెల్లగా 80 దాటింది. మల్టీమీటర్ ముల్లు ఊగడం మొదలుపెట్టింది. సెన్సర్ బతికే ఉంది! అట్టతోనే మెల్లగా సెంటర్‌కి పోయి చూపిస్తే సీఓ 0.4. (ఎవరైనా ఇట్ల చేసి చూస్తే వేడి ముల్లు మీద కన్ను తీయకండి. పని అయిపోగానే అట్ట తీసేయండి.)

నాయన ముఖం వెలిగిపోయింది. "ఇంకేం! పాసయింది కదా. ఆరు నెలలకోసారి అట్ట పెట్టుకొని వద్దాం!"

నేను నవ్వాను కానీ, ఆ మాట చిన్నది కాదు. పరీక్ష అప్పుడు మాత్రం బాగుండి, రోడ్డు మీద మళ్ళీ మామూలే. ఫోక్స్‌వాగన్ చేసింది సరిగ్గా ఇదే. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రం పద్ధతిగా నడిచే సాఫ్ట్‌వేర్‌ని డీజిల్ కార్లలో పెట్టింది. ప్రపంచమంతా సుమారు కోటీ పది లక్షల కార్లు. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. దానికి దారి చూపిన కొలతలు తీసింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ ల్యాబ్ వాళ్ళు, అందులో మన దేశం నుంచి పోయిన విద్యార్థులూ ఉన్నారు. కారుని ల్యాబ్‌లో కాకుండా రోడ్డు మీద నడుపుతూ కొలిచారు, అంతే. వాళ్ళది సాఫ్ట్‌వేర్, మాది అట్టపెట్టె. తేడా ఖరీదులోనే. నాయనకి ఇది చెప్పి, "మన చీరకి జరీ పరీక్షకి ఒక అంచు, అమ్మడానికి ఇంకో అంచు పెడితే ఊరుకుంటావా?" అన్నాను. అట్టపెట్టె మాట మళ్ళీ ఎత్తలేదు.

రేడియేటర్ విప్పించి కడిగించాం. కూలెంట్ పోయించాం. కొత్త థర్మోస్టాట్ వేయించాం. అంతా కలిపి రెండు వేల లోపే. అట్ట లేకుండా, గొట్టం పూర్తిగా లోపల పెట్టి చూస్తే సీఓ 0.3, హెచ్‌సీ 110. పాస్.

ఇప్పుడు లెక్క. మంచిగా ఉన్నప్పుడు లీటరుకి 16 ఇచ్చే బండి ఈ రెండేళ్ళూ 14 ఇచ్చింది. నెలకి 500 కిలోమీటర్లకి నాలుగున్నర లీటర్లు ఎక్కువ. లీటరు 110 అనుకుంటే నెలకి దాదాపు 490 రూపాయలు. రెండేళ్ళకి పన్నెండు వేలకి దగ్గర. మొదటి దొంగ సర్టిఫికెట్ రోజునే మిషన్ నిజం చెప్పి ఉంటే, రెండు వేలతో పోయేది. మేం నాలుగు పాసులు కొనుక్కొని, వాటికి పన్నెండు వేలు పెట్రోలు రూపంలో కట్టాం. సర్టిఫికెట్ లేకపోతే పదివేల దాకా జరిమానా అని అందరం భయపడతాం. ఉన్నా జరిమానా కట్టామని మాకు తెలియనే లేదు.

"ఇదంతా ఒక ఇంటి గొడవ, దీనికి ఇంత వ్యాసమా?" అనొచ్చు. కాదు. ఢిల్లీ చూడండి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. అంటే అక్కడ బండిని కొలిచింది పొగతో కాదు, పుట్టిన తేదీతో. బాగా చూసుకున్న బండీ, పాడుబెట్టిన బండీ ఒకే రోజు పోవాలంది ఆ ఆదేశం. ఇది అన్యాయం అనిపిస్తుంది నాకు. కానీ పరీక్ష కాగితం మీద ఎవరికీ నమ్మకం లేనప్పుడు, ప్రభుత్వం చేతిలో వయసు తప్ప వేరే కొలత ఏం మిగులుతుంది? కొనుక్కున్న ప్రతి పాస్ ఆ నమ్మకాన్ని కొంచెం తింటుంది. మా ఊరి నుంచి పెనుకొండ వైపు పోతే ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి రోజూ కొత్త కార్లు బయటికొస్తాయి. మంచిదే. కానీ చీరల మూటలు మోసే మా నాయన లాంటివాళ్ళకి, సెకండ్ హ్యాండ్ ఆటోతో బతికేవాళ్ళకి రేపే కొత్త బండి రాదు. పాత బండి మీద బతికేవాళ్ళకే నిజమైన పరీక్ష ఎక్కువ అవసరం. "నా బండి పాతదే, కానీ కొలిచి చూడు" అని చెప్పుకోగల హక్కు అదొక్కటే.

ఈ పరీక్ష గొప్పదని అనడం లేదు. మా కారు లాంటి వాటికి ఐడిలింగ్‌లో రెండు గ్యాసులే చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు చూడదు. అయినా ఉన్న ఆ రెండు అంకెలనే మనం చదవడం లేదు కదా. సెంటర్ పిల్లోడిని తిట్టి లాభం లేదు. ఫెయిల్ అని చెబితే కస్టమర్ ఇంకో సెంటర్‌కి పోతాడు. పాస్ అడిగేది మనం, అమ్మేది అతను.

అందుకే మన క్లబ్బుకీ, మెకానికల్ డిపార్ట్‌మెంటుకీ ఒక సూచన. మన ల్యాబ్‌లో గ్యాస్ ఎనలైజర్ ఏడాదికి నాలుగు వారాలు పని చేస్తుంది, మిగతా కాలం బట్ట కప్పుకొని నిద్రపోతుంది. నెలకి ఒక శనివారం దాన్ని గేటు దగ్గరికి తీసుకొద్దాం. సర్టిఫికెట్ ఇవ్వం, పాస్ లేదు, ఫెయిల్ లేదు. ఊరివాళ్ళ బండ్లకి గొట్టం పూర్తిగా పెట్టి, అంకెలు తెలుగులో రాసిచ్చి, "ఫలానా చోట వెతకండి" అని ఒక్క వాక్యం చెబుదాం. మనకి ప్రాక్టికల్స్, వాళ్ళకి పెట్రోలు. ఆ ఒక్క వాక్యం సరైన తెలుగులో రాయడం మాత్రం లిటరరీ క్లబ్బు వాళ్ళ పని.

మా కారుకి మళ్ళీ జూన్‌లో గడువు. మే నెల ఎండలు దాటి, కడిగిన రేడియేటర్‌తో, కొత్త థర్మోస్టాట్‌తో పోతుంది. ఈసారి నాయన తనే తీసుకుపోతానన్నాడు. ఫెయిలయితే దాచిపెట్టను. ఎందుకయిందో వెతికి వచ్చే సంచికలో రాస్తాను.